సిగరెట్ కంపెనీ వేసిన రాక్ ప్లేటు

ఇవాళ ఒక ప్లేటు కథ చెప్తాను. ప్లేటంటే అన్నం తినేది కాదు, గ్రామఫోన్ రికార్డు. ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ అలాగే అంటారు.

పేరు ‘సిమ్లా బీట్’. 1970లో ఒకటి, 1971లో ఇంకోటి, రెండు ఎల్పీలు వచ్చాయి. అన్నీ మన దేశపు రాక్ బ్యాండ్లే. ఒరిజినల్ కాపీ దొరికితే ఇప్పుడు కలెక్టర్లు ఎగబడి కొంటారు. మరి ‘సిమ్లా’ ఏంటి? హిల్ స్టేషన్ అనుకుంటున్నారా? కాదు, సిగరెట్ బ్రాండ్! ఆ సిగరెట్ కంపెనీ దేశం మొత్తం మీద కుర్రాళ్ళ బ్యాండ్లకి పోటీ పెట్టింది. అలా పోటీకొచ్చిన కొన్ని బ్యాండ్ల పాటలు ఈ ప్లేట్ల మీదకి ఎక్కాయి.

అసలు సిగరెట్ కంపెనీకి గిటార్లతో పనేంటి? అమెరికాలో అయితే 1955లోనే కొలంబియా రికార్డ్ క్లబ్ మొదలైంది. మెంబర్ అయితే చాలు, ఎల్పీలు పోస్టులో ఇంటికే వచ్చేవి. ఇక్కడ ప్లేటంటే సినిమా పాట, లేకపోతే భక్తి పాట, శాస్త్రీయ సంగీతం. ఇంగ్లీషులో సొంత పాట రాసుకుని ఫజ్ గిటార్ వాయించే కుర్రాడికి ఎవడు ప్లేటు వేస్తాడు? కుర్రాళ్ళ చేత సిగరెట్ కాల్పించాలనుకున్న వాళ్ళు వేశారు. షిల్లాంగ్ నుంచి వచ్చిన ఫెంటోన్స్ బ్యాండ్ పాట పేరే ‘సిమ్లా బీట్ థీమ్’. యాడ్ ఎక్కడ అయిపోయిందో, పాట ఎక్కడ మొదలైందో మీరే చెప్పాలి.

ఇప్పుడు ఆ కంపెనీ పేరు చెప్తా. 1910లో కలకత్తాలో పుట్టిన ఇంపీరియల్ టొబాకో. మొదటి ప్లేటు వచ్చిన 1970లోనే అది ఇండియా టొబాకో కంపెనీ అయింది. 1974లో ఇంకోసారి పేరు మారింది. ఏమనో తెలుసా? ఐ.టి.సి. అవును, మా బూర్గంపాడు మండలం సారపాకలో పేపర్ మిల్లు ఉన్న ఐటీసీయే!

ఇది తెలిసిన రోజు నేను కాసేపు అలా కూర్చుండిపోయాను. జామాయిల్, సుబాబుల్ కర్ర లోడు లారీల వెనకాల బైక్ మీద ఎన్నిసార్లు వెళ్ళానో! ఆ గేటుకీ, రాక్ మ్యూజిక్‌కీ చుట్టరికం ఉంటుందని ఎవరు ఊహిస్తారు?

ఆ చుట్టరికం మన నేలలోనే ఉంది. 1912లోనే ఈ కంపెనీ వాళ్ళు ఆకు కోసం గుంటూరులో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ అనే కంపెనీ పెట్టారు. మన రైతులు వర్జీనియా పొగాకు పండించి, బ్యారన్లలో కాల్చి ఆరబెట్టి అమ్మారు. 1925లో సిగరెట్ పెట్టెల కోసం ప్యాకేజింగ్‌లోకి దిగారు. పెట్టెకి అట్ట కావాలి కదా? 1979లో గోదావరి ఒడ్డున భద్రాచలం పేపర్‌బోర్డ్స్ వచ్చింది. 2002లో అది ఐటీసీలోనే కలిసిపోయింది. ఆకు, పెట్టె, అట్ట. ఈ వరసలో మధ్యలో ఒక గిటార్.

ఆ ప్లేటు మీద బ్యాండ్ల పేర్లున్నాయి. ఆకు పండించిన రైతుల పేర్లు ఎక్కడా లేవు. బ్యారన్ దగ్గర రాత్రంతా మంట కాచిన మనిషి ఆ పాట ఒక్కసారైనా విని ఉంటాడా? నాకు డౌటే.

అలాగని ఆ కుర్రాళ్ళని తప్పు పట్టలేను. ఆ డబ్బు లేకపోతే వాళ్ళ పాటలు గాల్లో కలిసిపోయేవి. స్పాన్సర్ చేసింది ఎవరైనా పర్లేదు అనను. 2003 చట్టం పొగాకు యాడ్లనీ, స్పాన్సర్‌షిప్‌లనీ ఆపేసింది, మంచి పనే చేసింది. కానీ కన్‌ఫ్యూజన్స్ అనే బ్యాండ్ పాట ఒకటుంది, ‘వాయిస్ ఫ్రమ్ ది ఇన్నర్ సోల్’. అది విన్న ప్రతిసారీ వాల్యూమ్ పెంచుతూనే ఉన్నాను.

ఒరిజినల్ ప్లేటు కోసం జేబు ఖాళీ చేసుకోకండి. రెండు ఎల్పీలూ తర్వాత విదేశాల్లో రీఇష్యూ అయ్యాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ముందు 1970ది వినండి. ఏ పాట నచ్చిందో కింద రాయండి.