ఋణ విమోచనం: ధర్మశాస్త్రం నుండి ‘ఐ.పి.’ వరకు

“ఫలానావాడు ఐ.పి. పెట్టాడట!” మన ఊళ్ల బజారులలో ఈ మాటను ఎవరూ బిగ్గరగా పలకరు. అది గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి చెప్పుకొనే మాట. అది ‘ఇన్సాల్వెన్సీ పిటిషన్’ అనే న్యాయస్థాన పదబంధానికి సంక్షిప్త రూపమని తెలియనివారు సైతం దాని బరువును ఎరుగుదురు. నిన్నటి వరకు దుకాణం తెరవగానే దీపం వెలిగించి, అగరువత్తి ముట్టించి, తొలి బేరానికి కళ్లకద్దుకొన్న వర్తకుడు నేడు “నా అప్పులు తీర్చే శక్తి నాకు లేదు” అని న్యాయాధిపతి ముందు లిఖితపూర్వకంగా ఒప్పుకొన్నాడన్నమాట.

ఆ వర్తకుడు ఆస్తికుడైతే అతని హృదయంలో ఒక ప్రశ్న ఉదయిస్తుంది. ఋణం తీర్చకుండా విముక్తిని అర్థించడం అధర్మమా? ఇహంలో న్యాయస్థానం విడిచినా పరంలో ఆ ఋణం వెంటాడుతుందా? ఈ ప్రశ్నకు ఆవేశంతో గాక చరిత్రను పరిశీలించి సమాధానం వెదకడం ఉచితం.

వైదిక వాఙ్మయంలో ఋణభావన అత్యంత ప్రాచీనమైనది. మానవుడు జన్మతోనే దేవఋణ, ఋషిఋణ, పితృఋణాలను మోసుకొని వస్తాడని తైత్తిరీయ సంహిత బోధిస్తున్నది. అథర్వవేదం ఆరవ కాండలో ఈ లోకంలోను, పరలోకంలోను ఋణరహితులం కావాలని కోరే సూక్తాలు ఉన్నాయి. మహాభారతంలోని యక్షప్రశ్నలలో ‘ఎవడు సుఖి?’ అన్న ప్రశ్నకు ధర్మరాజు చెప్పిన లక్షణాలలో అప్పు లేకపోవడం ఒకటి. కనుక ఋణభయం మన సంస్కారంలోనే నిక్షిప్తమై ఉన్నది.

అయితే ధర్మశాస్త్రకారులు భయపెట్టి ఊరుకోలేదు. రాజు విచారించవలసిన పదునెనిమిది వ్యవహారపదాలలో మనువు ప్రథమ స్థానం ఇచ్చినది ఋణాదానానికే. వడ్డీకి వారు హద్దులు విధించారు. వసిష్ఠుని మతంగా నెలకు ఎనభయ్యవ వంతు, అనగా నూటికి ఒకటింబాతిక, న్యాయమైన వడ్డీ అని మనుస్మృతి పేర్కొన్నది. కౌటిల్యుని అర్థశాస్త్రం కూడా నూరు పణాలకు నెలకు ఒకటింబాతిక పణమే ధర్మ్యమన్నది. వర్తకులకు ఐదు, అరణ్యమార్గాన పోయేవారికి పది, సముద్రవ్యాపారులకు ఇరవై పణాల వరకు అనుమతించింది. వ్యాపారంలో ఆపద ఎంత ఉంటే వడ్డీ అంత పెరుగుతుందన్న లోకసత్యం వారికి సువిదితమే. నష్టం వర్తకుని స్వదోషం వల్లనే రాదని కూడా ఆ లెక్కలోనే అంగీకరించినట్లయింది.

వీటన్నిటికంటె విశిష్టమైనది ద్వైగుణ్య నియమం. ధనఋణంలో ఒక్కసారిగా రాబట్టే వడ్డీ అసలును మించరాదని, మొత్తం అసలుకు రెట్టింపు దాటరాదని మనువు శాసించాడు. తరువాతి కాలంలో ‘దామ్‌దుపట్’ అన్న పేర న్యాయస్థానాలు వ్యవహరించినది ఈ నియమాన్నే. ఋణదాతకు తన ధనంపై హక్కు ఉన్నది గాని, ఋణగ్రస్తుని జీవితం మొత్తంపై లేదని దీని తాత్పర్యం.

మరి తీర్చలేనివాని గతి ఏమిటి? ఇక్కడ మనం నిజాన్ని దాచకూడదు. ధనం నశించిన హీనజాతివాని చేత ఋణం తీరేదాకా పని చేయించుకోవచ్చునని, బ్రాహ్మణుడైతే ఆదాయాన్ని బట్టి మెల్లమెల్లగా చెల్లింపజేయాలని యాజ్ఞవల్క్యస్మృతి చెబుతున్నది. ‘ఆదాయాన్ని బట్టి మెల్లగా’ అన్న కరుణ ఆనాడు కొందరికే దక్కింది. తక్కినవారికి దక్కినది దాస్యం. ఆ కరుణను అందరికీ విస్తరింపజేయడానికి శతాబ్దాలు పట్టింది. తరువాతి చరిత్రను ఈ దృష్టితోనే చదవాలి.

మన పురాణకథలు సైతం ఋణగ్రస్తుని రెండు రూపాలలో చూపుతున్నాయి. మొదటివాడు హరిశ్చంద్రుడు. విశ్వామిత్రునికి ఇచ్చిన మాట నిలుపుకోవడానికి ఆలుబిడ్డలను అమ్మి, తానూ అమ్ముడుపోయి, కాశీ శ్మశానంలో కాటికాపరియై నిలిచాడు. అడుగడుగునా వెంటాడిన నక్షత్రకుని పేరు నేటికీ తెలుగువారి నోట అప్పు వసూలుకు పీడించేవానికి పర్యాయపదమై నిలిచింది. రెండవవాడు సాక్షాత్తు శ్రీనివాసుడు. పద్మావతీ పరిణయానికై కుబేరుని వద్ద అప్పుచేసి, కలియుగాంతం వరకు వడ్డీ చెల్లిస్తూ ‘వడ్డికాసులవాడు’ అనిపించుకొన్నాడు. హరిశ్చంద్రుని కథ సత్యమహిమను చాటడానికి చెప్పబడినదే తప్ప, అప్పుకు భార్యాపుత్రులను అమ్ముకోవలెనన్న విధి కాదు. శ్రీనివాసుని కథలో ఋణం ఉన్నది, గడువు ఉన్నది, క్రమక్రమమైన చెల్లింపు ఉన్నది, అవమానం లేదు. అప్పున్న దేవునికి నిత్యం నమస్కరించే మనం అప్పున్న పొరుగువానిని చూసి మొగం తిప్పుకోవడం విచిత్రమే.

ఇక ఆధునిక కాలానికి వద్దాం. ఆంగ్లేయ పార్లమెంటు 1828లో చేసిన శాసనంతో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో దివాలా ఋణగ్రస్తుల న్యాయస్థానాలు ఏర్పడ్డాయి. 1848లో మరొక శాసనం వచ్చింది. ఇవి ప్రధానంగా ఆ మూడు నగరాలకు ఉద్దేశింపబడినవి.

1906 అక్టోబరులో మద్రాసును ఒక వార్త కుదిపివేసింది. ప్రతిష్ఠకు మారుపేరైన ఆర్బత్‌నాట్ సంస్థ చేతులెత్తేసింది. జీవితకాలపు పొదుపును అక్కడ దాచుకొన్న వేలాది కుటుంబాలు తల్లడిల్లాయి. సంస్థ భాగస్వామి సర్ జార్జి ఆర్బత్‌నాట్‌కు వంచన నేరంపై పదునెనిమిది నెలల కఠిన కారాగారశిక్ష పడింది. ఈ పతనానంతరం స్వదేశీయుల పూనికతో 1907లో ఇండియన్ బ్యాంకు అవతరించింది. దివాలా తీయడం ఒకటి, వంచించడం మరొకటి. ఈ రెండింటినీ వేరుపరచవలసిన ఆవశ్యకతను ఆ ఉదంతం ప్రస్ఫుటం చేసింది.

ఆ దశకంలోనే నేటి చట్టాలకు పునాది పడింది. మూడు రాజధాని నగరాలకు 1909లో ఒక శాసనం వచ్చింది. జిల్లాలకు 1907లో వచ్చిన శాసనం స్థానంలో 1920లో ‘ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం’ వెలువడింది. అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కోస్తా, రాయలసీమ జిల్లాల వర్తకులకు ‘ఐ.పి.’ అన్న మాట బాగా పరిచయమైనది ఈ చట్టాల మూలంగానే.

చిన్న వర్తకునికి ఈ చట్టంతో ఎందుకు పని పడుతుందో గ్రహించాలి. కంపెనీగా నమోదైన సంస్థ న్యాయదృష్టిలో వేరొక వ్యక్తి. అది మునిగినా, సొంత హామీ ఇవ్వని వాటాదారుని ఇల్లు నిలుస్తుంది. సొంత కొట్టు నడిపేవాని స్థితి అట్టిది కాదు. కొట్టు అప్పే ఇంటి అప్పు. సరుకు తెచ్చినందుకు టోకు వర్తకునికి ఇవ్వవలసిన బాకీ, కూతురి వివాహానికి వ్రాసిన ప్రామిసరీ నోటు, మిత్రుని వద్ద తీసుకొన్న చేబదులు ఒకే తలపై చేరతాయి. కొట్టు మూతపడినప్పుడు ఆ మనిషే దివాలా తీస్తాడు.

అట్టివాడు తన అప్పులు ఐదువందల రూపాయలకు చేరినా, లేదా అప్పు డిక్రీ అమలులో అరెస్టయినా, ఆస్తి జప్తులో ఉన్నా న్యాయస్థానాన్ని ఆశ్రయించవచ్చునని 1920 చట్టం చెప్పింది. ఐదువందలు అప్పట్లో గణనీయమైన మొత్తమే. న్యాయస్థానం అతనిని దివాలాదారుగా ప్రకటించిన పిమ్మట అతని ఆస్తి న్యాయస్థానానికి గాని, రిసీవరుకు గాని సంక్రమిస్తుంది. విడుదల లభించేదాకా కొత్తగా ఆర్జించే ఆస్తికీ ఇదే గతి. ఋణదాతలు విడివిడిగా దావాలు వేయాలంటే న్యాయస్థానం అనుమతి కావాలి. తాకట్టు పట్టుకొన్నవాని తాకట్టు హక్కు మాత్రం చెక్కుచెదరదు. వచ్చిన సొమ్మును తక్కిన ఋణదాతలకు వారి వారి పాళ్ల ప్రకారం పంచుతారు. అంతకంటె ముందు చెల్లవలసిన బాకీలలో ప్రభుత్వ బకాయిలతోపాటు సేవకుల, కూలీల వేతనానికి కూడా చట్టం ఒక హద్దు మేరకు స్థానం కల్పించింది.

అన్నీ పోవు. సివిల్ ప్రక్రియా స్మృతి జప్తు చేయరాదన్నవి దివాలాదారునికే మిగులుతాయి: ఒంటిమీది బట్టలు, వంటపాత్రలు, పడక, చేతివృత్తివాని పనిముట్లు, కృషీవలుని నాగలి, పశువులు, విత్తనాలు. మతాచారం ప్రకారం స్త్రీ విడువరాని ఆభరణాలను సైతం ఆ స్మృతి మినహాయించింది. మన ఇళ్లలో ఆ మాటకు అర్థం మంగళసూత్రమే. అప్పు ఎంతటిదైనా పొయ్యిమీది కుండను, మెడలోని సూత్రాన్ని తాకరాదన్న మర్యాద ఆ పరదేశీయ పాలకుల శాసనంలోను చోటుచేసుకొన్నది.

ఇంతకంటె గమనార్హమైనది విడుదల ఘట్టం. దివాలాదారు విడుదల కోరినప్పుడు న్యాయస్థానం అతని ఆచరణను పరిశీలిస్తుంది. ఆస్తి విలువ అప్పులో రూపాయికి ఎనిమిదణాలైనా లేకపోతే, అది అతని బాధ్యత కాని కారణాల వల్ల జరిగిందా? అంతకుముందు మూడేళ్లలో చిట్టా ఆవర్జాలను వర్తకాచారం ప్రకారం సక్రమంగా వ్రాశాడా? దివాలా తీశానని తెలిసీ వ్యాపారం కొనసాగించాడా? దుస్సాహసంతో కూడిన స్పెక్యులేషన్, అమితవ్యయం, జూదం పతనానికి కారణాలా? ఇట్టి దోషాలు ఋజువైతే నిరపేక్షమైన విడుదల లభించదు. దివాలాకు ముందు రెండేళ్లలో సద్భావం లేకుండా, తగిన ప్రతిఫలం లేకుండా ఆస్తిని అన్యుల పేరిట వ్రాసిన దస్తావేజులు రద్దు కావచ్చును. మూడు నెలలలోపు ఒక ఋణదాతకు పక్షపాతంతో చెల్లించిన సొమ్ముకూ అదే గతి. వంచనతో చేసిన అప్పు విడుదల తరువాత కూడా పోదు.

ఈ జాబితాను చదివినప్పుడు స్మృతులు జ్ఞప్తికి వస్తాయి. తండ్రి ఋణం పుత్రుడు తీర్చవలెనన్న స్మృతులే, మద్యానికి, కామానికి, జూదానికి చేసిన అప్పులను పుత్రునిపై మోపరాదన్నాయి. అప్పు ఎంత అన్నదానితో ఆగక, దేనికి చేశాడు, ఎట్లా ప్రవర్తించాడు అని అడగడం ఉభయత్ర సమానం.

ద్వైగుణ్య నియమపు చరిత్ర మరొక విశేషం. బొంబాయి ప్రెసిడెన్సీ, కలకత్తా నగరం వంటి చోట్ల న్యాయస్థానాలు దానిని పాటించాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో పాటించలేదు. కాని ఆర్థికమాంద్యం పల్లెలను పీల్చి పిప్పిచేసిన పిమ్మట, రాజాజీ మంత్రివర్గ కాలంలో 1938లో మద్రాసు వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టం వచ్చింది. పాత అప్పుల విషయంలో అసలుకు రెట్టింపు చెల్లించిన రైతు ఋణం పూర్తిగా తీరినట్లేనని అది ప్రకటించింది. న్యాయస్థానపు గుమ్మం బయట నిలిచిపోయిన మనువు మాట శాసనసభ ద్వారా లోనికి వచ్చింది. అయితే ఆ ఊరట వ్యవసాయదారునికే. పట్టణపు చిన్న వర్తకునికి మిగిలిన మార్గం ఐ.పి. ఒక్కటే.

స్వాతంత్ర్యానంతరం 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టంతో అప్పుకు దాస్యం చేయించుకోవడం నిషిద్ధమైంది. 1980లో జాలీ జార్జి వర్గీస్ వ్యాజ్యంలో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు, చెల్లించే శక్తి లేని నిజాయితీపరుని కేవలం పేదరికం కారణంగా చెరలో పెట్టడం రాజ్యాంగపు 21వ అధికరణానికి విరుద్ధమని నిర్ధారించింది. 2005లో హిందూ వారసత్వ చట్ట సవరణ, ఆపై చేసిన అప్పులకు ‘పుత్రధర్మం’ అన్న ఒక్క కారణంతో కొడుకుపై దావా చెల్లదన్నది. 2016లో నూతన దివాలా స్మృతి వచ్చింది. వ్యక్తులకు సంబంధించిన దాని భాగాన్ని 2019 డిసెంబరు 1 నుండి కంపెనీల ఋణాలకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారి విషయంలో అమలుపరచారు. సామాన్య వర్తకునికి శతవర్షప్రాయమైన 1920 చట్టమే ఆధారంగా ఉంటూ వచ్చింది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఐ.పి. అధర్మమా? శక్తి ఉన్నవాడు అశక్తుని వేషం ధరిస్తే నిశ్చయంగా అధర్మమే. పొలం బావమరిది పేర, బంగారం అత్తవారింట, దస్తావేజు భార్య పేర దాచి న్యాయస్థానం మెట్లెక్కేవాడు ఋణదాతను మాత్రమే గాక సత్యాన్ని కూడా వంచిస్తున్నాడు. వాని వల్లనే ఈ మాటకు బజారులో ఇంత అపకీర్తి. అతనికి అప్పిచ్చి నష్టపోయినవారిలోనూ చిన్నవారుంటారు: పింఛను సొమ్ము ఇచ్చిన విశ్రాంతోపాధ్యాయుడు, చీటీ పాడుకొన్న డబ్బును నమ్మి ఇచ్చిన వితంతువు. వారి కన్నీటిని ఏ చట్టమూ కొట్టివేయలేదు.

కాని ఉన్నది ఉన్నట్లు న్యాయాధిపతి ముందు పరచి, లెక్కపుస్తకం తెరిచి, “ఇంతే ఉన్నది, అందరూ సమంగా పంచుకోండి” అన్నవాడు అధర్మి కాడు. ఋణగ్రస్తునికి అదొక సత్యవ్రతమే. విడుదల తరువాత చట్టం అడగకపోయినా, చేయి తిరిగిన నాడు పాతబాకీని తలచుకొని శక్త్యనుసారం చెల్లించేవాడు ధన్యుడు. అది చట్టం విధించే ధర్మం కాదు, అంతఃకరణం విధించేది.

కొట్టు మునిగిపోతున్న సాధకుడెవరైనా ఇది చదువుతూ ఉంటే అతనికి ఒక విన్నపం. అప్పు మీద అప్పు చేసి పరువును నిలబెట్టే ప్రయత్నం మానండి. ఇంట్లోవారికి నిజం చెప్పండి. తెలిసిన న్యాయవాదిని సంప్రదించండి. పనివారి జీతాలు మరువకండి. ఏ ఒక్క కాగితాన్నీ దాచకండి. ధనం పోయిన చోట ప్రాణమూ పోవాలని ఏ శాస్త్రమూ చెప్పలేదు. శరీరం నిలిస్తేనే ఏ ఋణమైనా తీరేది.

అతని ఇరుగుపొరుగుకు మరొక విన్నపం. మరునాడు అతడు గుడికి వచ్చినప్పుడు ఎప్పటివలెనే పలకరించండి. గర్భాలయంలోని స్వామికీ ఇంకా అప్పు తీరలేదు.

స్వస్తి.