పుదీనా – అమ్మ నియమం

మా చిత్తూరు ఇంట్లో బావిగట్టున పుదీనా గుబురుగా పెరిగేది. అమ్మ తరచు పచ్చడి నూరేది. తద్దినం నాడు మాత్రం దాన్ని తాకేది కాదు. "అది మన పాతకాలపు ఆకు కాదు నాయనా" అనేది.

ఆమె మాట నిజమే. పుదీనా పుట్టిల్లు ఐరోపా, పశ్చిమాసియా, పేరు పారశీకం. ఆ భాష మనకు కొత్త కాదు. చంద్రగిరి కోట 1646లో గోల్కొండ వశమైంది. పిమ్మట ఈ సీమ ఆర్కాటు నవాబుల ఏలుబడిలోకి వచ్చింది. దివాణాల్లో పారశీకమే చెల్లేది. తహసీల్దారు, జమాబందీ, దస్తావేజు ఆ దారినే వచ్చాయి.

రెవిన్యూ శాఖలో ముప్పై ఐదేళ్లు ఆ మాటలే నాకు అన్నం పెట్టాయి. ఇక పుదీనాను పరాయిదని ఎట్లా అనగలను? అయినా మొన్న అమ్మ తద్దినానికి ఆమె నియమమే పాటించాము. మరునాడు పచ్చడి నూరించి, ఆమెను తలచుకుని తిన్నాను.