ఊపిరి లెక్క

క్లోరోఫాం ఇచ్చి మనిషిని మత్తులోకి దించేటప్పుడు కన్ను దేని మీద ఉండాలి? నాడి మీదా, ఊపిరి మీదా? ఈ ఒక్క ప్రశ్న తేల్చడానికి 1888లో హైదరాబాదులో ఒక కమిషన్ కూర్చుంది. మరుసటి ఏడు ఇంకోటి కూర్చుంది. దాని తీర్పు కోసం లండన్‌లో లాన్సెట్ పత్రిక ఎదురుచూసింది. ఖర్చు నిజాం ప్రభువు పెట్టుకున్నాడు.

తగువు అప్పటికే నలభై ఏళ్ల నాటిది. ఎడిన్‌బరో డాక్టరు జేమ్స్ యంగ్ సింప్సన్ 1847 నవంబరులో క్లోరోఫాం మత్తును లోకానికి చాటాడు. అంతకు ఒకటి రెండేళ్ల ముందు దాకా కోత అంటే రోగిని నలుగురు అదిమిపట్టాల్సిందే. నొప్పి తెలియకుండా కాలు తీసేయవచ్చంటే ఎవరికి ఆశ పుట్టదు? మూడు నెలలు తిరక్కుండానే ఆ ఆశకు దెబ్బ తగిలింది. 1848 జనవరి 28న న్యూకాజిల్ దగ్గర విన్లేటన్ అనే ఊళ్లో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలి గోరు తీయించుకోవడానికి కూర్చుంది. డాక్టరు గుడ్డ మీద చెంచాడు క్లోరోఫాం పోసి ముక్కు దగ్గర పెట్టాడు. నిమిషాల్లో ప్రాణం పోయింది. ఒక గోరు కోసం.

ఆ పిల్ల ఎందుకు చనిపోయిందన్న దగ్గర వైద్యులు రెండుగా చీలిపోయారు. గుండె ఆగిపోయింది కాబట్టి నాడి మీద వేలు తీయకూడదని లండన్ వాళ్లు అన్నారు. అక్కడి పేరుమోసిన మత్తు డాక్టరు జోసెఫ్ క్లోవర్ ఒక చేత్తో మత్తు అందిస్తూ ఇంకో చెయ్యి రోగి నాడి మీద వేసి ఉన్న ఫొటో ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది. ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ మాట వేరు. నాడిని వదిలేయండి, ఊపిరి ఎలా ఆడుతోందో చూడండి అని ఆయన శిష్యులకు నూరిపోశాడు. ఆ శిష్యుల్లో ఒకడు ఎడ్వర్డ్ లారీ. సైన్యం డాక్టరుగా మన దేశానికి వచ్చి, 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్ అయ్యాడు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, దాని పక్కనే మెడికల్ స్కూలు ఆయన చేతిలోకి వచ్చాయి.

గురువు మాట మీద లారీకి ఉన్నది నమ్మకం కాదు, భక్తి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అండతో మొదటి కమిషన్ వేయించి, కుక్కల మీద ప్రయోగాలు చేయించి, క్లోరోఫాంతో ముందు ఆగేది ఊపిరేననీ, గుండె ఆ తర్వాతేననీ తేల్చాడు. లాన్సెట్ నమ్మలేదు. అయితే మీ మనిషినే పంపండి అని నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. 1889లో లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. మందులు శరీరం మీద ఎలా పనిచేస్తాయో చెప్పడంలో ఆనాటికి ఆయన మాటే ప్రమాణం. గుండెకు ముప్పుందని నమ్మి ఓడెక్కిన మనిషి, హైదరాబాదులో ప్రయోగాలు చూసి లారీ వైపు తిరిగాడు. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు కలిపి నాలుగు వందలకు పైగా జంతువుల మీద జరిగిన ప్రయోగాలవి. ఆ సంఖ్య దగ్గర ఇవాళ చదివేవాళ్ల కళ్లు ఆగిపోతాయి. ఆగాలి కూడా.

కమిషన్ చివర్లో ఆచరణ కోసం కొన్ని సూత్రాలు రాసింది. నాకు ఆ తగువు కన్నా ఇవే విలువైనవిగా తోస్తాయి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టాలి. మెడ దగ్గర, ఛాతీ మీద, పొట్ట మీద బిగుతు బట్టలేవీ ఉండకూడదు. మత్తు ఇచ్చే మనిషి మొదటి నుంచి చివరి దాకా ఊపిరినే కనిపెట్టుకుని ఉండాలి. ఊపిరి తడబడితే మందు గుడ్డ తీసేసి, కింది దవడను వెనుక మూలల దగ్గర పట్టి ముందుకు నెట్టాలి, కింది పళ్లు పై పళ్లను దాటి ముందుకు వచ్చేలా. స్పృహ తప్పిన మనిషికి ఊపిరి దారి తెరవడానికి నర్సింగ్ విద్యార్థులకు ఇప్పటికీ నేర్పించేది ఈ పట్టే.

రెండో కమిషన్‌లో సాయపడినవాళ్లలో రూపాబాయి ఫర్దూంజీ అనే పార్సీ యువతి ఉంది. లారీ 1885లో మెడికల్ స్కూలు తలుపులు ఆడపిల్లలకు తెరిచినప్పుడు చేరిన తొలి జట్టులో ఆమె ఒకరు. 1889లో చదువు ముగించింది. హైదరాబాదు ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి మత్తు ఇచ్చే పనే చేసింది. 1909లో ఎడిన్‌బరో వెళ్లి మళ్లీ చదువుకుని వచ్చింది. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరుగా ఆమెను చెప్పుకుంటారు. చదువుకున్న ఆడమనిషే అరుదైన ఆ రోజుల్లో, కత్తి పట్టిన సర్జన్ పక్కన నిలబడి, గంటల కొద్దీ ఒక మనిషి ఛాతీ లేచి పడటాన్ని చూస్తూ ఉండటమే ఆమె పని. బయటికి ఏమీ చేయనట్టే కనిపించే పని అది. నర్సులకు ఈ సంగతి బాగా తెలుసు.

చివరికి లారీ గెలిచాడా? సగమే గెలిచాడు. 1911లో లండన్‌లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద ప్రయోగాలు చేసి ఇంకో నిజం బయటపెట్టాడు. మత్తు ఇంకా తేలికగా ఉన్నప్పుడు, ఒంట్లో అడ్రినలిన్ ఎగదన్నితే, క్లోరోఫాం గుండె లయను చెదరగొట్టి ఉన్నపళంగా ఆపేయగలదు. మోతాదు మించితే ముందు ఊపిరి ఆగుతుంది, నిజమే. కానీ భయంతో వణుకుతూ, ఇంకా మత్తెక్కని పిల్లకు గుండే ఆగిపోవచ్చు. లారీ ఒకే తలుపు దగ్గర కాపలా కాశాడు. ప్రాణం పోయే తలుపులు రెండు.

ఈ కథను ఇంత సాగదీసి చెప్పడానికి కారణం ఉంది. ఆ రెండు తలుపుల కాపలా ఇవాళ నర్సు చేతిలో ఉంది. మార్ఫిన్ ఇంజెక్షన్ ఇచ్చే ముందు నర్సు నిమిషం పాటు ఊపిరి లెక్కపెడుతుంది, ఎందుకంటే మార్ఫిన్ మించితే పడిపోయేది ఊపిరి. గుండెకు ఇచ్చే డిగాక్సిన్ మాత్ర చేతికిచ్చే ముందు స్టెతస్కోపు గుండె మీద పెట్టి నిండా ఒక నిమిషం లెక్కపెడుతుంది. పెద్దవాళ్లలో అది అరవై కన్నా తగ్గితే మాత్ర ఆపి డాక్టరుకు చెబుతుంది. ఈ రెండోది లారీ కన్నా పాత పాఠం. బర్మింగ్‌హామ్ డాక్టరు విలియం విదరింగ్ 1785లో ఫాక్స్‌గ్లవ్ ఆకు మీద పుస్తకం రాస్తూ, నాడి నెమ్మదించినా, వాంతులైనా మందు అక్కడితో ఆపెయ్యమన్నాడు. డిగాక్సిన్ ఆ జాతి మొక్క నుంచే వచ్చింది. కాగితం మీద ఎన్ని గ్రాములు రాసినా, చాలునని చెప్పేది రోగి శరీరమే. చూసే కన్ను ఉండాలి.

నర్సింగ్ స్కూల్లో మొదటి ఏడే ఫైవ్ రైట్స్ కంఠతా పట్టిస్తారు. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన వేళ. అవి అక్షరాలా ప్రాణరక్షకాలు. ఒకే వార్డులో ముగ్గురు లక్ష్మిలు పడుకుని ఉండే మన ఆసుపత్రుల్లో, "లక్ష్మివి నువ్వేనా?" అని అడిగే నర్సు కన్నా "నీ పేరేంటమ్మా? మీ ఆయన పేరు చెప్పు" అని అడిగే నర్సు ఎంత మేలో చెప్పనక్కర్లేదు. నిద్రమత్తులో ఉన్న మనిషి ఏ పేరుకైనా ఊఁ అంటుంది. కానీ ఆ అయిదూ సూది దిగేలోపే అయిపోతాయి. సూది దిగాక మొదలయ్యే పని ఒకటుంది. ఫ్లోరెన్స్ నైటింగేల్ నర్సింగ్ మీద రాసిన చిన్న పుస్తకంలో రోగిని గమనించడానికే ఒక అధ్యాయం కేటాయించింది ఊరికే కాదు.

నాకు ఆ పని అర్థమైంది ఒక జిల్లా ఆసుపత్రిలో, మా చెల్లెలి మంచం పక్కన.

తొమ్మిదో నెలలో బీపీ పెరిగి, దారిలోనే ఫిట్స్ వచ్చాయి. మా అమ్మమ్మ కాలంలో గుర్రపు వాతం అనేవారు. వచ్చిందంటే తల్లి మీద ఆశ వదులుకునేవారు. లేబర్ రూములో సిస్టరు మెగ్నీషియం సల్ఫేట్ ఆంప్యూళ్లు వరుసగా పేర్చింది. వార్డులో అందరూ దాన్ని మ్యాగ్‌సల్ఫ్ అంటారు. ఒక్కో ఆంప్యూల్‌లో రెండు మిల్లీలీటర్ల మందు, అంటే ఒక గ్రాము. నాలుగు ఆంప్యూళ్లు పగలగొట్టి సిరంజిలోకి లాగి, పన్నెండు మిల్లీలీటర్ల శుద్ధజలం కలిపి, ఇరవై చేసి, రక్తనాళంలోకి నెమ్మదిగా ఎక్కించింది. తర్వాత ఒక్కో పిరుదుకు అయిదు గ్రాముల చొప్పున ఇంకో పది ఆంప్యూళ్లు. గాజు మెడలు టిక్కుటిక్కుమని విరిగిన చప్పుడు నాకింకా గుర్తుంది.

డాలస్‌లోని పార్క్‌లాండ్ ఆసుపత్రిలో జాక్ ప్రిచర్డ్ అనే డాక్టరు 1955 నుంచి వాడుకలోకి తెచ్చిన పద్ధతి అది. నలభై ఏళ్ల తర్వాత, 1995లో, మన దేశంతో సహా పలు దేశాల్లో జరిగిన పరీక్షలో ఫిట్స్ మళ్లీ రాకుండా ఆపడంలో మిగతా మందులకన్నా ఇదే మేలని తేలింది. 2002లో 33 దేశాల్లో పదివేల మందికి పైగా స్త్రీల మీద జరిగిన మాగ్‌పై పరీక్ష, ఇంకా ఫిట్స్ రానివాళ్లకు కూడా ఇది ఆ ముప్పును సగానికి తగ్గిస్తుందని చెప్పింది. ఖరీదు తక్కువ, మేలు ఎక్కువ. మించితే మాత్రం ఊపిరి ఆపేస్తుంది.

అందుకే నాలుగు గంటలకోసారి అయిదు గ్రాములు ఇచ్చే ముందు ప్రతిసారీ మూడు చూడాలి. ఊపిరి నిమిషానికి పదహారుకు తగ్గకూడదు. మోకాలి మీద తడితే కాలు ఎగరాలి. మూత్రం గంటకు ముప్పై మిల్లీలీటర్లయినా పోవాలి, ఎందుకంటే ఆ మందు ఒంట్లోంచి బయటికి పోయే దారి మూత్రపిండాలే. ఒంట్లో మందు పెరిగితే ముందు మోకాలు మూగబోతుంది, ఊపిరి తర్వాత పడుతుంది. మోకాలు ముందుగా ఇచ్చే హెచ్చరికన్నమాట. మూడింట్లో ఒక్కటి లేకపోయినా సూది ఆగాలి. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ పది మిల్లీలీటర్లు సిరంజిలో నింపే వీలుగా పక్కనే ఉండాలి.

అప్పుడు నాకివేవీ తెలియవు. కాన్పయింది, బిడ్డ బాగుంది, చెల్లెలు నిద్రపోతోంది. రాత్రి రెండున్నరకు సిస్టరు వచ్చి దుప్పటి తీసింది. "ఇప్పుడే కన్ను మూసింది సిస్టర్, పొద్దున చూడకూడదా?" అన్నాను కొంచెం గట్టిగానే. ఆవిడ నా వైపు చూడలేదు. గడియారం వైపు చూస్తూ చెల్లెలి ఛాతీ లేచి పడటాన్ని లెక్కపెడుతోంది. నిమిషం అయ్యాక, "ఒక్క రెండు నిమిషాలన్నా" అంది. యూరిన్ బ్యాగు పైకెత్తి గీత చూసింది. మోకాలి కింద ఎడమ చెయ్యి పెట్టి, కుడి చేతి అంచుతో తట్టింది. కాలు చిన్నగా ఎగిరింది. కేస్ షీటులో మూడూ రాసి, అప్పుడు ఆంప్యూళ్లు విరిచింది.

ఆ రాత్రి వార్డులో ఆవిడ ఒక్కతే ఉంది. మంచాలు నలభై దాకా ఉన్నాయి. నడవాలో నేల మీద పడుకున్న బాలింతల మధ్య నుంచి అడుగులు వెతుక్కుంటూ నడిచేది. ప్రతి మంచం దగ్గరా నిమిషం పాటు ఊపిరి నిజంగా లెక్కపెట్టాలంటే ఆ నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయి? పుస్తకంలో రాసిన జాగ్రత్తను పాటించడానికి తగినంత మంది నర్సులను ఇవ్వకుండా, పొరపాటు జరిగినప్పుడు మాత్రం డ్యూటీలో ఉన్నది ఎవరని వెతకడం అన్యాయం. ఆ రాత్రి ఆవిడ మా చెల్లెలికిచ్చిన నిమిషం ఇంకెవరి వాటాలోంచి వచ్చిందో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

తెల్లవారి డ్యూటీ మారింది. రాత్రి సిస్టరు మంచం మంచానికీ నడుస్తూ పగటి సిస్టరుకు అప్పగిస్తోంది. మా దగ్గరికి వచ్చి, "మ్యాగ్‌సల్ఫ్ కేసు. ఆరున్నర డోసు ఇచ్చాను. ఊపిరి పద్దెనిమిది, మోకాలు ఉంది, యూరిన్ బాగుంది" అని చదివింది. పగటి సిస్టరు కేస్ షీటు చేతిలోకి తీసుకుని చూసి తలూపింది. తర్వాత దుప్పటి పక్కకు తీసి, మోకాలి కింద చెయ్యి పెట్టి, తానూ ఒకసారి తట్టి చూసింది.