అక్షరములే దేహమైన దేవుడు

చైనా దేశమున షియాన్ నగరమందు ‘శిలాఫలక వనము’ అను ప్రదర్శనశాల కలదు. క్రీ.శ. 1087లో దీనికి పునాది పడినది. కన్ఫ్యూషియస్ సంప్రదాయమునకు చెందిన ప్రాచీన గ్రంథములను 114 రాతిపలకలపై చెక్కించి 837లో పూర్తిచేసిన శిలాగ్రంథము ఇచ్చటనే యున్నది. అంతటి పాండిత్య భాండారమున ఒక జానపద దేవతకును చోటు దొరకినది. ఆతడు కుయ్ షింగ్, పరీక్షార్థుల యిలవేల్పు.

‘కుయ్’ అను లిపిని విడదీసినచో భూతము, కుంచము అను రెండు మాటలు వచ్చును. మన సప్తర్షి మండలమే చీనీయులకు ఆకాశమందలి కుంచము. అందు క్రతువు, పులహుడు, పులస్త్యుడు, అత్రి యని మనము పిలుచు నాలుగు తారలకు వారు ‘కుయ్’ అని పేరిడిరి. ఆతని గూర్చి యొక కథ కలదు. పరీక్షలో ప్రథముడైనను, వికృతమైన ముఖమును చూచి చక్రవర్తి నిరాకరింపగా, ఆతడు నీట దూకెనట. ఆవో అను మహాజలచరము వీపుపై మోసి రక్షించెనట. నాటినుండి చేత కలము బూని విద్యార్థుల భాగ్యమును నిర్ణయించుచున్నాడని జనుల నమ్మకము.

సూయీ వంశకాలమున (581–618) ఆరంభమైన ఉద్యోగ పరీక్షలు 1905 వరకు సాగినవి. ఇరుకైన గదులలో దినముల తరబడి కూర్చుండి వ్రాసినవారిలో నెగ్గినవారు కొందరే. తల నెరసినను మరల మరల వచ్చినవారు పెక్కుమంది. వారి యాశకు రూపము కుయ్ షింగ్.

19వ శతాబ్దపు ఉత్తరార్ధమున ఛింగ్ వంశపు సేనాని మా దెజావో ఈ పలకను రచించెను. దూరమునుండి చూచిన, ఆవోపై ఒంటికాలిపై నిలిచి, రెండవ కాలితో కుంచమును తన్నుచున్న దేవుడు. దగ్గరకు పోయిన, గీతలన్నియు అక్షరములే! పాదము క్రింద ‘ఆవో’ అను లిపి. దేహమంతయు ఎనిమిది లిపులు. మనస్సును సరిదిద్దుకొనుట, నడవడిని చక్కబరచుకొనుట, తన్ను తాను జయించుట, మర్యాదను పాటించుట – ఇది వాని భావము.

కథలోని చక్రవర్తి ముఖమును చూచి మనిషిని త్రోసివేసెను. ఈ శిల్పమున ఆ ముఖము నిలిచినది శీలముతోనే. వరము కోరి వచ్చినవానికి దేవుని దేహమందు దొరకునది తాను చేయవలసిన పని. పరీక్షలు పోయినవి, పదవులు పోయినవి. నెగ్గినవానికిని, ఓడినవానికిని సమానముగా వర్తించు ఆ ఎనిమిది అక్షరములు మాత్రము రాతిపై నిలిచియున్నవి.