తాడు సగానికి మడిస్తే చాలు

కాశీబుగ్గ దాటి వజ్రపుకొత్తూరు రోడ్డు పట్టుకున్నారు. రెండు పక్కలా జీడితోటలు. వాటి నడుమ, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పడగొట్టిన కొబ్బరిచెట్ల చోట నాటిన కుర్రచెట్లు. గాలిలో ఉప్పు. రోడ్డు పక్కనే సర్కారు బడి. చెప్పులు విడిచి వరండా ఎక్కండి, ఈవేళ పిల్లల్ని కొలుస్తున్నారు.

బరువు చూసే మిషన్ని ఎవరో వరండా కింద, ఇసుక మీద పెట్టారు. నర్సమ్మ దాన్ని తీయించి గచ్చు మీద పెట్టించింది. ఇసుకలో మిషన్ ఒక పక్కకి ఒరుగుతుంది, అంకె తప్పుతుంది. ముల్లు సున్నా మీదకి వచ్చాకే మొదటి పిల్లవాణ్ణి పిలిచింది. పదేళ్లవాడు, ఐదో తరగతి. నిక్కరు జేబులోంచి గోళీలు, సగం తిన్న చిప్స్ ప్యాకెట్ తీసి బల్ల మీద పెట్టాడు. 37 కిలోలు.

ఇప్పుడు గోడ దగ్గరికి. మడమలు, పిరుదులు, వీపు గోడకి ఆనాలి. గడ్డం ఎత్తకూడదు, దించకూడదు. చెవి రంధ్రం, కంటి కింది ఎముక ఒకే గీతలో ఉండాలి. మాస్టారు తలమీద అట్టపుస్తకం ఆనించి, గోడమీద పెన్సిలుతో గీత పెట్టారు. 138 సెంటీమీటర్లు. సెల్‌ఫోన్‌లో 37ని 1.38తో ఒకసారి, మళ్లీ 1.38తో ఇంకోసారి భాగించారు. 19.4 వచ్చింది. అదే బీఎంఐ.

ఆ అంకె మీకొస్తే ఏ డాక్టరూ అభ్యంతరం చెప్పడు. పెరిగే పిల్లలకి మాత్రం ఆ లెక్క పనికిరాదు, వయసు వయసుకీ గీత మారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 పట్టికలో పదేళ్ల మగపిల్లాడికి 18.5 దాటితే అధిక బరువు, 21.4 దాటితే ఊబకాయం. ఆడపిల్లలకి వేరే పట్టిక. మాస్టారు గోడకి అంటించిన కాగితం మీద వేలు జరుపుకుంటూ పోయి, ఏమీ అనకుండా రిజిస్టర్‌లో రాసుకున్నారు. అలా ఏమీ అనకపోవడం నాకు ఎంతో నచ్చింది. వెనకాల ముప్పై మంది పిల్లలు వింటున్నారు.

గేటు దగ్గర నిలబడ్డ నాయనమ్మ ఊరుకుంటుందా? ‘‘ఏటమ్మా, నా మనవడికేటయ్యింది? నాలుగు మెతుకులు తిని బొద్దుగా ఉన్నాడు. దిష్టెట్టకండమ్మా!’’

‘‘దిష్టి కాదు మామ్మా, ఇలా రా, నువ్వే కొలుద్దువు గాని,’’ అంటూ నర్సమ్మ పురికొస ఉండ ఆమె చేతిలో పెట్టింది.

చూడండి. పిల్లవాడి మడమ నుంచి నెత్తిదాకా పురికొస పట్టి, అక్కడికి తెంపారు. దాన్ని సరిగ్గా సగానికి మడిచారు. పక్కటెముకల్లో అడుగుదాని కొస ఎక్కడుందో, తుంటి ఎముక పైఅంచు ఎక్కడుందో నర్సమ్మ వేళ్లతో తడిమి చూపించింది. ఆ రెంటికీ నడిమధ్య, చర్మం మీదే, తాడు చుట్టాలి. మొలతాడు ఉండే చోటు కాదు, అది కిందికి జారి ఉంటుంది. ‘‘కడుపు లోపలికి లాక్కోకు నాన్నా, ఊపిరి మామూలుగా వదులు.’’ వాడు వదిలాడు. నాయనమ్మ చుట్టింది. కొసలు కలవలేదు, మధ్యలో ఒక వేలు పట్టేంత ఎడం. టేపు పెడితే నడుము 71. ఎత్తులో సగం 69.

నడుము చుట్టుకొలత ఎత్తులో సగం లోపే ఉండాలన్నది ఇంగ్లండుకి చెందిన పోషకాహార శాస్త్రవేత్త మార్గరెట్ ఆష్‌వెల్ ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన సూత్రం. అయిదేళ్లు దాటిన పిల్లలకి కూడా ఈ కొలత చూడవచ్చని బ్రిటన్‌లో వైద్య సూచనలిచ్చే నైస్ సంస్థ 2022లో తన సూచనల్లో చేర్చింది. పట్టిక అక్కర్లేదు, భాగహారం అక్కర్లేదు. చదువురాని నాయనమ్మ కూడా చూసుకోగలదు.

మనవాళ్లకి ఈ నడుము కొలతే ముఖ్యమని చెప్పే ఫొటో ఒకటుంది. 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. చేతులూ కాళ్లూ సన్నగా ఉండి, కొవ్వంతా పొట్టలో చేరే ఒళ్లు మనది. మన వరండాలో కొలతకి నిలబడ్డ వరసలో ఎనిమిదో వాణ్ణి చూడండి. బీఎంఐ గీత లోపలే ఉంది, అయినా తాడు కలవలేదు. కంటికి సన్నపిల్లాడే.

పక్క గదిలో అంగన్‌వాడీ. అక్కడ మూడు రంగుల టేపు పసిపిల్లల జబ్బకి చుడతారు. 11.5 సెంటీమీటర్ల లోపైతే ఎరుపు, అంటే తీవ్రంగా చిక్కిపోయినట్టు. మన కొలతలన్నీ చిక్కిపోయిన బిడ్డని వెతకడానికే పుట్టాయి, ఆ అవసరం ఇంకా తీరలేదు కూడా. కానీ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్ల లోపు పిల్లల్లో అధిక బరువు 2015-16లో 2.1 శాతం ఉంటే, 2019-21కి 3.4 శాతం అయ్యింది. తల్లి తెల్లారగానే పలాసకి జీడిపిక్కల పనికి పోతే, పిల్లాడి చేతిలో పది రూపాయలు మిగులుతాయి. ఆ పదికి బడ్డీకొట్టులో దొరికేది ప్యాకెట్టే.

నాయనమ్మతో వెళ్లబోతున్న ఆ మొదటి పిల్లవాణ్ణి నర్సమ్మ మళ్లీ ఆపింది. మోకాలి కింద, ముంగాలి ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి తీసింది. గుంట పడలేదు. ‘‘పొద్దున్న లేచేసరికి మొహం ఉబ్బి ఉంటుందా మామ్మా?’’ ‘‘లేదమ్మా.’’ అప్పుడే నర్సమ్మ మొహంలో కాస్త తేట వచ్చింది. కిడ్నీలోంచి ప్రొటీన్ పోయే పిల్లలకి ఒంట్లో నీరు చేరి, బరువూ నడుమూ రెండూ పెరుగుతాయి. ఇంట్లోవాళ్లు ఒళ్లు చేశాడని మురిసిపోతారు. ఎక్కడైనా చూడాల్సిన సంగతే, కిడ్నీ జబ్బు పీడిస్తున్న ఈ ఉద్దానం ప్రాంతంలో అసలు మరవకూడనిది.

కిడ్నీల సంగతి చెప్పే రక్తపరీక్ష అంకె క్రియాటినిన్ అంటే ఏమిటో ఈ నాయనమ్మకి మీరు చెప్పక్కర్లేదు. కవిటి నుంచి పలాస దాకా ఆ మాట తెలియని ఇల్లు అరుదు. ఉద్దానం కిడ్నీ జబ్బు లావువల్ల వచ్చింది కాదు. బీపీ, షుగరు లేకుండా ఎండలో కష్టపడే మనుషులకే వచ్చింది, ఎందుకో ఇప్పటికీ తేలలేదు. కానీ చిన్నప్పుడు పొట్ట పెరిగినవాడికి పెద్దయ్యాక బీపీ, షుగరు వచ్చే అవకాశం ఎక్కువ. ఆ రెండూ కిడ్నీలని తినేసేవే. ఇంత మోసిన నేలకి ఆ రెండో బరువు వద్దు. పైగా క్రియాటినిన్ పెరిగిందని తెలిసేసరికే కిడ్నీల సత్తువ చాలా పోయి ఉంటుంది. నడుము అలా కాదు, దిద్దుకునేందుకు ఏళ్లు ముందుగానే చెబుతుంది.

పదేళ్లవాణ్ణి పస్తు పెట్టనక్కర్లేదు. బరువు ఇంక పెరగకుండా నిలిపితే చాలు, ఎత్తు పెరిగేకొద్దీ కొలత తనంతట సర్దుకుంటుంది. ప్యాకెట్, కూల్‌డ్రింక్ మానిపించి, సాయంత్రం గంటసేపు ఆడనివ్వాలి. తాడు కలవకపోతే అది జబ్బు కాదు, అనుమానం. బీపీ చూపించాలి, డాక్టరుకి చూపించాలి.

పలాస, టెక్కలి, వజ్రపుకొత్తూరు, మందస మండలాల హెడ్‌మాస్టర్లకి నా విన్నపం. బాలల ఆరోగ్య బృందం బడికి వచ్చేది ఏడాదికొకసారి. దానికోసం ఆగకండి. జూన్‌లో ఒకసారి, సంక్రాంతి సెలవులయ్యాక ఒకసారి మీరే కొలవండి. ఒక్కొక్కరినే తెర చాటుకి పిలవండి, ఆడపిల్లల్ని టీచరమ్మ చేతే కొలిపించండి. అంకె పైకి చదవకండి. చీటీ మడిచి తల్లి చేతికే ఇవ్వండి.