రాయ్ ఏ యేట ఏమన్నాడు?

జరగండి, మంటకి కాస్త దగ్గరగా రండి. ఒరేయ్, ఆ కొబ్బరిమట్ట ఇటు ఎగదోయ్. ఏమ్మా, కాలేజీలో మీ మేష్టారు ఎం.ఎన్. రాయ్‌కి నిలకడ లేదన్నారా? నా చిన్నప్పట్నించీ వింటున్న మాటేలే. తెనాలి వైపు పుట్టినవాణ్ణి, వినకుండా ఎట్లా ఉంటాను? మా నాన్న ఆ మనుషుల మధ్యే తిరిగాడు. ఆయన నోట విన్నవీ, తర్వాత నేను చదువుకున్నవీ కలిపి చెప్తా.

ఆయన అసలు పేరు నరేంద్రనాథ్ భట్టాచార్య. 1887లో బెంగాల్లో ఓ సంస్కృతం పంతులుగారింట పుట్టాడు. కుర్రతనంలోనే విప్లవకారుడు బాఘా జతీన్ దళంలో చేరాడు. మొదటి యుద్ధం వచ్చేసరికి జర్మనీ తుపాకులు తెస్తానని 1915లో బటావియాకి ఓడెక్కాడు. తుపాకులు రాలేదు. ఇక్కడ బాలాసోర్ దగ్గర పోలీసులతో పోరాడి జతీన్ పోయాడు. ఈయన దేశం తర్వాత దేశం దాటుకుంటూ 1916లో అమెరికా చేరాడు. మానవేంద్రనాథ్ రాయ్ అన్న పేరు అక్కడ పెట్టుకున్నదే. అప్పటిదాకా ఆయన దృష్టిలో స్వేచ్ఛంటే తెల్లవాణ్ణి వెళ్ళగొట్టడమే.

న్యూయార్క్‌లో లాలా లజపతిరాయ్ సభ జరుగుతోంది. శ్రోతల్లో ఒకాయన లేచి, తెల్ల దొర బదులు మీ దేశపు ధనవంతుడే పేదవాణ్ణి దోచుకుంటే తేడా ఏమిటని అడిగాడు. తన్నేది అన్నదమ్ముడా, పరాయి దొంగా అన్నది తేడా కాదా అని లాలాజీ గట్టిగానే జవాబిచ్చాడట. రాయ్‌కి మాత్రం ఆ జవాబు మింగుడుపడలేదు. తన్ను తన్నే కదా! ఈ సంగతి తన జ్ఞాపకాల్లో ఆయనే రాసుకున్నాడు. అప్పుడే అక్కడి లైబ్రరీలో కూర్చుని మార్క్స్‌ని పట్టాడు.

అక్కణ్నించి మెక్సికో వెళ్ళి కమ్యూనిస్టు పార్టీ పెట్టినవాళ్ళలో ఒకడయ్యాడు. 1920లో కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ మహాసభకి మాస్కో పిలిచింది. తూర్పుదేశం నుంచి తెల్లగడ్డం పెద్దాయన వస్తాడనుకున్న లెనిన్‌కి ముప్ఫై మూడేళ్ళ మనిషి ఎదురయ్యాడు. ఆ కుర్రాడు లెనిన్‌తోనే వాదానికి దిగాడు. వలస దేశాల్లో జాతీయ నాయకులకి మద్దతివ్వాలని లెనిన్, వాళ్ళు చివరికి రాజీపడతారు, కూలీల్నీ రైతుల్నీ నమ్ముకోవాలని రాయ్. మహాసభ ఇద్దరి పత్రాల్నీ ఆమోదించింది. మరి అంత ఎత్తుకెళ్ళిన మనిషిని 1929లో కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ బయటికి పంపేసింది. చైనాలో పని బెడిసికొట్టిందొకటి, మాస్కో గీసిన గీత దాటి రాశాడన్నదొకటి.

1930 చివర్లో మారుపేరుతో దేశానికి వచ్చాడు. మరుసటేడు బొంబాయిలో దొరికిపోయాడు. ముందు పన్నెండేళ్ళ శిక్ష, అప్పీల్లో ఆరేళ్ళయింది. అసలు మలుపు అక్కడుంది, వినండి. జైల్లో తిండి సరిలేదు, ఒళ్ళు గుల్లయింది. అలాంటి చోట కూర్చుని కొత్త భౌతికశాస్త్రం, జీవశాస్త్రం మన తత్వచింతనని ఎటు తిప్పుతాయన్న విచారణ మీద తొమ్మిది సంపుటాలకి సరిపడా రాతప్రతి రాశాడు. బయట దేశమంతా జేజేలు కొడుతోంది, ఈయనేమో పదార్థమంటే ఏమిటి, మనిషి బుద్ధి ఎక్కణ్నించి వచ్చిందని లోపల తవ్వుకుంటున్నాడు. 1936 నవంబరులో బయటికొచ్చిన మనిషి మార్క్స్‌ని గౌరవించేవాడే, కానీ వేదంగా కొలిచేవాడు కాదు.

వచ్చి ఏ కాంగ్రెస్‌నైతే తప్పుపట్టాడో అందులోనే చేరాడు. 1940లో అధ్యక్ష పదవికి మౌలానా ఆజాద్ మీద నిలబడి ఓడాడు. హిట్లర్ గెలిస్తే ఎవరికీ స్వాతంత్ర్యం ఉండదన్నాడు, యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళకి మద్దతివ్వాలన్నాడు. కాంగ్రెస్‌లోంచి బయటికొచ్చి రాడికల్ డెమోక్రటిక్ పార్టీ పెట్టాడు. మనవైపు దానికి కార్యదర్శి త్రిపురనేని గోపీచంద్.

ఇక 1942 ఆగస్టు 12. క్విట్ ఇండియా అంటున్న జనం మీద తెనాలి స్టేషన్ దగ్గర కాల్పులు జరిగి ఏడుగురు పోయారు. రణరంగచౌక్‌లో ఏడు స్తూపాలు చూశారుగా, అవి వాళ్ళవే. అలాంటి ఊళ్ళో, అలాంటి రోజుల్లో, క్విట్ ఇండియా తప్పని చెప్పడమంటే మాటలా! రాయిస్టు అంటే తెల్లవాడి తొత్తు అనేవాళ్ళు. మా నాన్న టీకొట్టు దగ్గరికి వెళితే పక్కనున్నవాళ్ళు లేచిపోయేవాళ్ళు. రాయ్ లెక్కలో న్యాయముంది, నేనొప్పుకుంటా. జనం గుండెకోత మాత్రం ఆయన లెక్కకి అందలేదు. 1946 ఎన్నికల్లో పార్టీ చిత్తుగా ఓడింది.

ఓడినవాడు సాధారణంగా ఏంచేస్తాడు? గెలిచినవాడి పంచన చేరతాడు. ఈయన ఆ ఏడు డిసెంబరులో బొంబాయిలో ఇరవైరెండు సూత్రాలు తన మనుషుల ముందు పెట్టాడు. సారం చెప్తా. సమాజం కన్నా ముందు మనిషి. జాతి పేరు చెప్పినా, వర్గం పేరు చెప్పినా ఆ మనిషిని బలిపెట్టే హక్కు ఎవరికీ లేదు. అధికారం కోసం పాకులాడే పార్టీలతో ప్రజాస్వామ్యం రాదు, ఊరూరా జనం కమిటీలే పాలించుకోవాలి. 1947లో నవ్యమానవవాదం ప్రకటన వచ్చింది. 1948 డిసెంబరులో కలకత్తాలో తన పార్టీని తనే మూసేశాడు. చెప్పింది చేసిన మనిషి. 1954 జనవరి 25న డెహ్రాడూన్‌లో కన్నుమూశాడు.

మనవైపు ఆ భావాల్ని నిలబెట్టినవాళ్ళలో తెనాలి ప్లీడరు ఆవుల గోపాలకృష్ణమూర్తి ఒకరు. ఆయన జరిపించే పెళ్ళిళ్ళలో పురోహితుడు ఉండేవాడు కాదు, ముహూర్తం ఉండేది కాదు. ఆయన లేచి నిలబడి సంసారమంటే ఇద్దరు సమానుల ఒప్పందమని తేటతెలుగులో నాలుగు ముక్కలు చెప్పేవాడు. గోపీచంద్ మరోదారి పట్టాడు. ఎందుకని అడగడం నేర్పిన తండ్రి రామస్వామి దగ్గర మొదలై, రాయ్ దగ్గరికొచ్చి, చివరికి అరవిందుడి వైపు మళ్ళాడు. ఇక జనం కమిటీలంటారా, అవి ఊళ్ళల్లో వేరుపట్టలేదు. కూలికెళ్ళేవాడి దాకా ఆ మాటలు చేరనేలేదు. ఆ లోటు దాచిపెట్టను.

నారుమడిలోంచి పీకి పొలంలో నాటినంత మాత్రాన అది వేరే పైరైపోతుందా? రాయ్ అడిగింది మొదట్నించీ ఒకటే, మనిషికి స్వేచ్ఛ ఎట్లా వస్తుందని. దేశం అన్నాడు, చాల్లేదు. వర్గం అన్నాడు, చాల్లేదు. చివరికి మనిషి దగ్గరికొచ్చాడు. మలుపు తిరిగిన ప్రతిసారీ ఏదో ఒకటి పోగొట్టుకున్నాడు, ఎందుకు తిరిగాడో కాగితం మీద పెట్టాడు. మన కళ్ళముందు కండువాలు మార్చేవాళ్ళు ఈ రెండింట్లో ఏదన్నా చేశారేమో చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

కాబట్టి అమ్మాయ్, రాయ్ ఫలానా మాట అన్నాడని ఎవరన్నా నీ ముందుకొస్తే, మేష్టారైనా సరే, అది ఏ యేట అన్నాడో ముందు అడుగు.