పెర్మాఫ్రాస్ట్ కర్బనం – లాప్టెవ్ సముద్రం

వరుసగా రెండేళ్లయినా కరగకుండా గడ్డకట్టి ఉండే నేలను పెర్మాఫ్రాస్ట్ అంటారు. ఉత్తరార్ధగోళపు పెర్మాఫ్రాస్ట్ ప్రాంతాల్లో దాదాపు 1.5 లక్షల కోట్ల టన్నుల కర్బనం ఉంది. వాతావరణంలో ఉన్నదానికి ఇది సుమారు రెట్టింపు.

ఈశాన్య సైబీరియాలో, లాప్టెవ్ సముద్రపు ఒడ్డున, మంచుయుగం నాటి యెడోమా అనే పెర్మాఫ్రాస్ట్ గట్లు ఉన్నాయి. వాటిలో మట్టి కన్నా మంచే ఎక్కువ కావడంతో వేసవి అలలకు కరిగి, విరిగి తమ పాత కర్బనంతో సహా నీళ్లలో పడతాయి. ముయోస్తాఖ్ ద్వీపం ఇలాగే ఏటేటా తరిగిపోతోంది. మరోవైపు లేనా నది నేల పైపొరల కర్బనాన్ని మోసుకొస్తుంది. సముద్రంలో ప్లవకాలు తయారుచేసేది మూడో రకం. ఒకే బురదలో కలిసిపోయిన ఈ మూడింటినీ విడదీయడమే అసలు చిక్కు.

ఇందుకు రెండు ఐసోటోపులు తోడ్పడతాయి. కార్బన్-14 అర్ధాయువు సుమారు 5,730 ఏళ్లు. అందుకే పాత యెడోమాలో అది చాలావరకు తరిగిపోయి ఉంటుంది, ప్లవకాల్లో పుష్కలంగా ఉంటుంది, నది తెచ్చే పైమట్టిది ఆ రెండింటికీ నడిమి స్థాయి. కార్బన్-13 పాలు నేల మొక్కల్లో కాస్త తక్కువ, ప్లవకాల్లో ఎక్కువ. వీటితో పాటు, మొక్కల్లో ఉండే లిగ్నిన్ బురదలో కనిపిస్తే ఆ పదార్థం నేల మీది మొక్కలదేనని తేలుతుంది.

సముద్రం చేరిన మట్టి కర్బనం అడుగున భద్రంగా పూడిపోతుందనుకోవడం పొరపాటు. తూర్పు సైబీరియా తీరంలో, సముద్రగర్భంలో కోతవల్ల ఏటా సుమారు 4.4 కోట్ల టన్నుల పాత కర్బనం కదులుతోందని, అందులో మూడింట రెండు వంతులు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తోందని యోరియన్ వోంక్ బృందం 2012లో అంచనా వేసింది. కుళ్లే కర్బనంతో, నదుల మంచినీటితో అక్కడి జలాలు ఆమ్లీకరణకు గురవుతున్నాయని ఇగోర్ సెమిలెతోవ్ బృందం 2016లో చూపింది.